విరేచనములు కట్టినంతమాత్రమున ప్రేగు బాగుపడినదా?

పిల్లవానికి విరేచనములు కట్టగానే నయమైనదని తలంచి మనము నిశ్చింతగా నుందుము. కాని కొందరు పిల్లలు వారములు గడచినను తేరుకొనరు. తిన్నది వారికి ఒంటబట్టదు. ఇందుకు గల కారణములలో ఒకటి ప్రేగులలోని బాక్టీరియాల స్థితి యని ఢాకా నగరమున జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి.

పెద్దప్రేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసించును. ఇవన్నియు రోగకారకములు కావు. మనకు జీర్ణము కాని పీచును పులియబెట్టి, ప్రేగు గోడకు ఆహారమగు ఆమ్లములను తయారుచేయునవి వీనిలో పెక్కు గలవు. తల్లిపాలు త్రాగు నాళ్లలో బిడ్డ ప్రేగున బిఫిడో బాక్టీరియాలు ప్రబలముగా నుండును. అన్నము, పప్పు, కూరలు అలవాటైనకొలది తక్కిన రకములు వచ్చి చేరును. పాలపండ్లు వచ్చిన వరుసను బట్టి బిడ్డ వయస్సును అంచనా కట్టునట్లే, మలములోని బాక్టీరియాలను బట్టియు కట్టవచ్చును.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ గోర్డన్ బృందమును, ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధి పరిశోధన కేంద్రమునకు చెందిన తహ్మీద్ అహ్మద్ బృందమును కలిసి, ఈ అంచనాకు పనికివచ్చు 24 రకముల బాక్టీరియాలను 2014లో ప్రకటించిరి. తీవ్రమైన పోషకాహార లోపము గల పిల్లల ప్రేగులు వారికంటె చిన్నవారి ప్రేగులవలె నుండెను. చికిత్సాహారముతో కొంత మెరుగుపడినను, తరువాత మరల వెనుకబడెను.

ఆ సంవత్సరమే కలరా రోగులను గూర్చిన పరిశోధనయు వెలువడెను. విరేచనములు తగ్గిన పెద్దవారిలో బాక్టీరియాలు తిరిగి కుదురుకొను వరుస, ఆరోగ్యవంతులైన పసిపిల్లలలో అవి మొదట నెలకొను వరుసను పోలియుండెను. వరద తీసిన నేలలో మొదట గడ్డియు, పిదప పొదలును మొలచునట్లు, ప్రేగు మొదటినుండి తన్ను తాను కూర్చుకొనవలసియున్నదన్నమాట. దానికి వ్యవధి కావలెను. తగిన ఆహారమును కావలెను.

ఎట్టి ఆహారము? ఢాకాలోని మీర్పూరు పేదవాడలో 12 మొదలు 18 నెలల వయస్సు గల, పోషణ చాలని పిల్లలకు 3 నెలలపాటు రెండు విధముల ఆహారము పెట్టి చూచిరి. సెనగ, వేరుసెనగ, సోయా పిండ్లును అరటికాయయు కలిపినది యొకటి. బియ్యము, పప్పు, పాలపొడులతో చేసినది రెండవది. 118 మంది పిల్లలు ఈ పరీక్షను పూర్తిచేసిరి. 2021లో వెలువడిన ఫలితము విశేషమైనది. మొదటిదానిలో శక్తి తక్కువయైనను బరువు దానితోనే మెరుగుగా పెరిగెను. బరువుతోపాటు పెరుగుచున్న 21 రకముల బాక్టీరియాలు గుర్తింపబడెను. మన వంటయింటి సరకులే యివి! అయినను ఇంట కలుపుకొన్న పిండి ఆ ఆహారముతో సమానమని భ్రమపడరాదు.

లంఖణము పరమౌషధమను మాట విరేచనములైన పసివారికి ఎంతమాత్రమును వర్తింపదు. ఓ.ఆర్.ఎస్. ద్రావణము, తల్లిపాలు, మెత్తని అన్నము మానరాదు. జింకు మందును వైద్యుడు చెప్పినన్ని దినములు వేయవలెను. మందుల షాపులో అడిగి తెచ్చు యాంటీబయాటిక్ బిళ్లలు మాత్రము వలదు. పిల్లల విరేచనములలో పెక్కు వైరసులవలన కలుగునవి. వానిపై ఆ బిళ్లలు పనిచేయవు సరిగదా, మేలుచేయు బాక్టీరియాలను గూడ చంపును. రక్తము పడినప్పుడో, కలరా సోకినప్పుడో వైద్యుడే వానిని వ్రాయును.

మలమును పరీక్షించి బాక్టీరియాల పట్టిక నిచ్చు సంస్థలు నేడు గలవు. ఆ పట్టికను బట్టి ఒక పిల్లవానికి చికిత్స నిర్ణయించు స్థితికి వైద్యశాస్త్రము ఇంకను రాలేదు. మనకు చేతనైనది తూకము. వ్యాధి తగ్గిన రెండు మూడు వారములకును పూర్వపు బరువు రాకున్నచో, ఆకలి మందగించియే యున్నచో, బిడ్డను మరల వైద్యునికి చూపవలెను.