ఏ రేవున దిగాలి?

మొన్న మాఘమాసంలో మా చెల్లెలి మనమరాలి పెళ్లి అయింది. పిల్ల పేరు జ్యోత్స్న. ఆ పేరు పెట్టింది నేనే. ముప్పయ్యేళ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పిన పంతులుకు ఇంతకంటె తేలికైన పేరు దొరకలేదా అని మా చెల్లెలు ఆనాడే దెప్పింది. ఆ దెప్పు ఇన్నేళ్లకు శుభలేఖ రూపంలో నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

రాజమండ్రిలో మాకు బాగా తెలిసిన అచ్చాపీసు ఒకటి వుంది. సీసపు అక్షరాలూ, కంపోజింగు కేసులూ ఎన్నడో పోయాయి. ఇప్పుడంతా కంప్యూటరే. ప్రూఫు చేతికి రాగానే కళ్లజోడు సవరించుకుని చూశాను. ముహూర్తం సరిగానే వుంది. గోత్రాలు సరిగానే వున్నాయి. పెళ్లికూతురి పేరు దగ్గర మాత్రం సావత్తూ నావత్తూ ఒకదానిమీద ఒకటి పడి, ఈగ నలిగినట్టు ఒక నల్ల మచ్చ కనిపించింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నాను.

"ఆ ఫాంటులో అక్షరం అలాగే పడుతుందండి మాస్టారూ! చూడ్డానికి అందంగా వుంటుందని ఇప్పుడందరూ అదే అడుగుతున్నారండి. డబ్బిచ్చి కొన్నదైతే అడుగుదుమండి. ఊరికే వచ్చినదాన్ని ఎవర్నండి అడిగేది?" అన్నాడు అచ్చాపీసాయన.

ఆ మాట నాకు నచ్చలేదు. ఊరికే ఇచ్చిన మహానుభావుడికి మాత్రం తన అక్షరంలో తప్పుందంటే దిద్దుకోవాలని వుండదా? అడగడానికి ఒక దారంటూ వుండే వుంటుంది. ఆ దారి వెతకబోయి నేను పడిన పాట్లే ఇప్పుడు మీకు మనవి చేస్తున్నాను.

*

కంప్యూటరు చేసే ప్రతి పనికీ వెనక ఎవరో రాసిన ప్రోగ్రాము వుంటుంది. ఆ ప్రోగ్రాములు రెండు రకాలు. ఆత్రేయపురం పూతరేకులతో పోల్చి చెబితే సులభంగా తెలుస్తుంది. కొందరు పూతరేకుల పెట్టె అమ్ముతారు. లోపల ఏం చేశారో మనకు చెప్పరు. మరికొందరు రేకులు ఇవ్వడమే కాక, పిండి ఎంత పలచన, కుండ ఎంత వేడి అన్నది కూడా చెప్పి, "మీరూ చేసుకోండి, పదిమందికీ పెట్టండి, ఇంకా బాగా కుదిరితే ఎలా కుదిరిందో మాకూ చెప్పండి" అంటారు. ఈ రెండో రకాన్నే ఓపెన్ సోర్స్ అంటారు.

మన తెలుగు అక్షరాలకు ఇందులో మంచి భాగ్యమే పట్టింది. అమెరికాలోని మన తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర పూనికతో గిడుగు, గురజాడ, ధూర్జటి, సూరన్న, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ అనే పేర్లతో ఎన్నో ఫాంట్లు తయారై, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దుకోవచ్చు అనే షరతు మీద లోకానికి విడుదలయ్యాయి. ఫాంటును ఒక్కదాన్నే విడిగా సరుకులా అమ్ముకోకూడదన్నది తప్ప వాటికి పెద్ద ఆంక్షలు లేవు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగువారి పేరున్న అక్షరం పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ దక్కడం న్యాయంగానే వుంది.

అయితే ఇలా పదిమంది చేతులు పడే పనికి ఒక చోటు కావాలి. ఒకరు హైదరాబాదులో, ఒకరు కాలిఫోర్నియాలో కూర్చుని ఒకే అక్షరాన్ని చెక్కుతూంటే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసిపెట్టాలి. తయారైన సరుకు అక్కడే జనానికి అందాలి. తప్పు కనబడితే చెప్పుకునే వీలూ అక్కడే వుండాలి. ఆ చోటునే హోస్టింగ్ సైటు అంటారు. గోదావరి వాళ్లం కనుక మనం రేవు అందాం.

*

ఈ రేవుల చరిత్ర పెద్ద పాతదేమీ కాదు. 1999లో అమెరికాలో సోర్స్‌ఫోర్జ్ మొదలయింది. అంతకుముందు చాలావరకు ఎవరి ప్రోగ్రాము వారి సొంత యంత్రం మీద వుండేది. ఇది వచ్చాక కొన్ని వేల ప్రోగ్రాములు ఒకేచోట చేరాయి. 2006లో గూగుల్ కోడ్ వచ్చింది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ అనే సాధనం తయారుచేశాడు. దాని ఆధారంగా 2008లో గిట్‌హబ్ వెలిసి, మిగిలిన రేవులన్నిటినీ మించిపోయింది. 2018లో మైక్రోసాఫ్టువారు దాన్ని 750 కోట్ల డాలర్లకు కొన్నారంటే ఆ రేవుకు ఎంత గిరాకీయో ఊహించుకోండి.

గిట్‌లోని కిటుకు మన డెల్టా వాళ్లకు చిటికెలో అర్థమవుతుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది గదా! అలాగే ఎవరికి కావలసిన పాయ వారు చీల్చుకుని, అందులో తమ మార్పులు చేసుకోవచ్చు. గోదావరికీ దీనికీ తేడా ఒక్కటే. మన పాయలు మళ్లీ కలవకుండానే సముద్రంలో పడతాయి. అక్కడి పాయను మాత్రం బాగుందనిపిస్తే వెనక్కు తెచ్చి అసలు ఏటిలో కలుపుకోవచ్చు.

రేవులు ఎండిపోవడమూ వుంది. గూగుల్ కోడ్ 2016లో మూతపడింది. గిటోరియస్ 2015లో, కోడ్‌ప్లెక్స్ 2017లో వెళ్లిపోయాయి. సోర్స్‌ఫోర్జ్‌లో 2013 నుంచి కొన్నాళ్లపాటు కొన్ని ప్రోగ్రాములతోబాటు అడగని ప్రోగ్రాములు కూడా అంటగట్టడంతో, బొమ్మలు దిద్దే గింప్ అనే పేరున్న ప్రోగ్రామువారు తమ విండోస్ మూటను అక్కడినుంచి తీసుకుపోయారు. 2016లో యాజమాన్యం మారాక ఆ పద్ధతి మానేశారు. ఇలా పోయే రేవుల్లోని సరుకు పోకుండా దాచడానికి అదే 2016లో ఫ్రాన్సులో సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే భాండాగారం వెలిసింది.

*

ఇక నా యాత్ర సంగతి. ఫాంటు పేరు పట్టుకుని సెల్‌ఫోనులో వెతికితే ఒక పుట తెరుచుకుంది. అది ఏ రేవో, ఎవరి ఫాంటో చెప్పను. ఊరికే ఇచ్చినవారిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

పుటనిండా దస్త్రాల పేర్లే! ఒక్కదానికీ తలాతోకా లేదు. పైన కొన్ని మీటలున్నాయి. ఒకదాని మీద ఫోర్క్ అని వుంది. అది నూడిల్సు తినే ముళ్లచెంచా అనుకున్నాను. ఇంకొక దాని మీద ఇష్యూస్ అని వుంది. మా నాన్నగారు వకీలుగారి దగ్గర గుమాస్తాగా పనిచేసిన మనిషి. దావాలో ఇష్యూలు ఖాయం చేయడమంటే ఏమిటో ఆయన నోట వింటూ పెరిగాను. అక్కడేదో తగువు నడుస్తున్నదని చెప్పి, ఆ గుమ్మం తొక్కలేదు. చివరకు తెలిసిందేమంటే, నేను వెళ్లవలసింది సరిగ్గా ఆ గుమ్మంలోకే!

ఈ సంగతి చెప్పింది మా మేనల్లుడి కొడుకు. కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు.

"తాతయ్యా, తప్పులు చెప్పేది అక్కడేనండి. ఇష్యూ అంటే ఫిర్యాదు అనుకోండి."

"అయితే ఫిర్యాదు అనే రాయొచ్చుగదరా!"

"ప్రోగ్రాములు రాసేవాళ్లకి అలవాటేనండి."

"మరి ప్రోగ్రాములు రాయనివాడికో?"

వాడు నవ్వి వూరుకున్నాడు.

గుమ్మం తెలిసినా లోపలికి పోవడం తేలిక కాలేదు. ముందు ఖాతా తెరవాలి. ఖాతాకు సంకేతపదం కావాలి. అందులో అంకె వుండాలి. తర్వాత, నేను మనిషినేనని రుజువు చేయడానికి బొమ్మల పరీక్ష! పరీక్షలు పెట్టిన పంతులుకు పరీక్ష! రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. అప్పుడు తెలుగులోనే నాలుగు ముక్కలు రాసి, శుభలేఖ బొమ్మ జతచేశాను.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. ఎంత మర్యాదగా రాశాడో ఆ అబ్బాయి! ఫాంటు ఎన్నో కూర్పు, ఏ ప్రోగ్రాములో వాడారు అని అడిగాడు. అచ్చాపీసాయనను కనుక్కుని చెప్పాను. అసలు లోపం అక్షరాల బొమ్మల్లో లేదట. ఫాంటులో బొమ్మలతోబాటు, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో చెప్పే సూత్రాలు కూడా వుంటాయి. రెండు వత్తులు ఒకేచోట పడినప్పుడు రెండోది పక్కకు జరగాలనే సూత్రం ఈ జత విషయంలో రాయడం మరిచారట.

పెళ్లి రోజులు ముంచుకొస్తున్నాయి. పందొమ్మిదో రోజున "దిద్దాము" అని కబురు వచ్చింది. పరుగెత్తుకుని వెళ్లి దించుకుంటే మళ్లీ అదే మచ్చ! మావాడు చూసి, "మూలంలో దిద్దారండి, విడుదల ఇంకా చేయలేదు" అన్నాడు. అంటే వంటింట్లో కూర వుడికింది, విస్తట్లోకి మాత్రం రాలేదన్నమాట! శుభలేఖలు ఇక ఆగవు. అచ్చాపీసాయన ఆ ఒక్క పేరును వేరే అక్షరాల్లో వేసి పని కానిచ్చాడు. చుట్టాలెవరూ పట్టించుకోలేదు కానీ నా కంటికి మాత్రం ఆ పేరు అరువు చీర కట్టుకున్న పెళ్లికూతురిలా కనిపించింది.

*

పెళ్లి అయ్యాక కూడా ఈ సంగతి నన్ను వదల్లేదు. తప్పు నాలోనే వుందా, లేక రేవులోనా? ఇలాంటివి తేల్చడానికి ఒక పద్ధతి వుందని మావాడే చెప్పాడు. వాడుకకు సులువుగా వుండడమనే విషయంలో పేరుపొందిన జేకబ్ నీల్సన్ అనే ఆయన, ఐదుగురిని కూర్చోబెట్టి వారు ఎక్కడ తడబడుతున్నారో చూస్తే చాలు, ముఖ్యమైన లోపాలు చాలావరకు బయటపడతాయని 2000లో రాశాడట. మన పని వారికి నేర్పడం కాదు. నోరు మూసుకుని చూడడం! పంతులుకు ఇది కఠినశిక్షే.

ఒక ఆదివారం మా వరండాలో ఐదుగురిని కూర్చోబెట్టాను. బ్యాంకులో పనిచేసి రిటైరయిన పక్కింటాయన, మా కోడలు, అచ్చాపీసు కుర్రాడు, డిగ్రీ చదివే అమ్మాయి, వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. మూడే మూడు పనులు చెప్పాను. ఇది దేనికోసమో చెప్పండి, దించుకోండి, ఒక తప్పు చెప్పండి.

ఇది దేనికోసమో ముగ్గురు చెప్పగలిగారు. దించుకోగలిగింది ఇద్దరు. తప్పు చెప్పే గుమ్మం ఎవరికీ దొరకలేదు. పక్కింటాయన సరుకు దించబోయి మూలం మొత్తం మూటకట్టి దించుకున్నాడు. కుట్టుపని ఆవిడ మాత్రం ఫోను నా చేతికిచ్చేస్తూ ఒక మాట అంది: "ఇది మాబోటి వాళ్లకి కాదేమోనండి, మాస్టారూ!"

ఆ మాటే నన్ను బాధపెట్టింది. అది సరిగ్గా ఆవిడలాంటి వాళ్లకోసమే చేసిన వస్తువు. దుకాణం మీద బోర్డు రాయించుకోవడానికి ఆవిడకు అందమైన తెలుగు అక్షరం పైసా ఖర్చు లేకుండా దక్కాలని ఎవరో రాత్రింబగళ్లు కష్టపడ్డారు. రేవు దగ్గరకు వచ్చి ఆవిడ వెనక్కు వెళ్లిపోయింది.

*

మన గోదావరి రేవులు చూడండి. పడవవాడికి పడవ కట్టుకునే గుంజ వుంటుంది. స్నానానికి వచ్చేవారికి మెట్లుంటాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర కాలవలను పొలాలకు నీళ్లు పారడానికే కాక, లాకులు పెట్టించి పడవలు నడవడానికి కూడా అనువుగా చేయించాడు. ఒకే నీరు, రెండు అవసరాలు. ఒకరికోసం ఇంకొకరిని తోసెయ్యలేదు.

ఈ కొత్త రేవులు పడవవాళ్లు తమకోసం కట్టుకున్నవి. వారికి అవి బంగారంలా పనికొస్తున్నాయి. నిచ్చెన వేసి మెట్లు కట్టడమే మిగిలింది. అందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ఇది ఏమిటి, ఎవరికి అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పాలి. దానికిందే, దస్త్రాల జాబితా కంటె ముందు, దించుకునే మీట వుండాలి. చివరిసారి ఎప్పుడు దిద్దారో కనబడాలి, అప్పుడే వచ్చినవాడికి ఇంట్లో మనుషులున్నారని ధైర్యం. తప్పు చెప్పడానికి మామూలు మాటల్లో ఒక గుమ్మం, వీలయితే ఖాతా అడగకుండా వుండాలి. దిద్దినది విడుదల కాకపోతే ఆ సంగతీ రాయాలి. తెలుగు అక్షరాల పుట తెలుగులో కూడా వుండాలి. ఇందులో కొన్ని రేవువారు చేయవలసినవి. కానీ ఎక్కువ భాగం ఎవరి పుట వారు చేసుకోదగినవే.

ఈ మాటలే కాస్త మర్యాదగా ఆ ఫాంటు అబ్బాయికి రాశాను. "మా పుట ముందు పేరా మీరే తెలుగులో రాసివ్వరాదా?" అని అడిగాడు. మా వరండా ఐదుగురికీ చదివి వినిపిస్తూ, వారికి అర్థంకాని మాటనల్లా కొట్టేస్తూ, నాలుగుసార్లు తిరగరాశాను. ప్రోగ్రామంటే అక్షరం ముక్క రాని నేను ఒక పాయ చీల్చి, మావాడి సాయంతో అసలు ఏటిలో కలిపాను!

పెళ్లయిన మూడు వారాలకు ఫాంటు కొత్త కూర్పు విడుదలయింది. మా జ్యోత్స్నకు అది అందలేదు. నిజమే. కానీ ఈ వైశాఖంలో ఏ కాకినాడలోనో, ఏ భీమవరంలోనో ఇంకొక జ్యోత్స్న శుభలేఖ అచ్చవుతుంది. ఆ పేరు కింద మచ్చ వుండదు. ఎందుకు లేదో ఆ ఇంటివారికి తెలియదు. తెలియనక్కరా లేదు.

మొన్న సాయంత్రం కుట్టుపని ఆవిడ దుకాణం మీద కొత్త బోర్డు చూశాను. అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. ఎలా దించుకున్నారమ్మా అని అడిగితే, "పైన తెలుగులో రాసుందిగా మాస్టారూ!" అంది.