మీకు తెలుసా? బొమ్మలు నడిస్తే విరాళాలు!

1985లో అమెరికాలోని టకోమా నగరంలో గోర్డీ క్లాట్ అనే సర్జన్ ఒక మైదానం చుట్టూ 24 గంటల్లో 83 మైళ్లు తిరిగి, క్యాన్సర్‌పై పోరుకు 27 వేల డాలర్లు సేకరించారు. అదే ‘రిలే ఫర్ లైఫ్’ అనే విరాళాల నడకకు నాంది. ఇరవై ఏళ్లకు, 2005లో, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ నడకను ‘సెకండ్ లైఫ్’ అనే ఆన్‌లైన్ లోకంలోకి తెచ్చింది. అక్కడ నడిచేవి మనుషులు తెరపై నడిపించే బొమ్మలు, అంటే వారి అవతారాలు. చెల్లే నాణెం లిండెన్ డాలర్. సుమారు 250 కలిపితే ఒక అమెరికన్ డాలర్. ఆటగాళ్లు తాము తయారుచేసిన దుస్తులు, ఇళ్లు, బొమ్మలు అమ్మి, వేలం వేసి, ఆ చిల్లరనే పోగుచేస్తారు. దాన్ని అసలు డబ్బుగా మార్చి సొసైటీకి పంపుతారు. మొదటి ఏడాది వచ్చింది దాదాపు 5 వేల డాలర్లు. 2007కల్లా లక్ష దాటింది!

ఆ ఆన్‌లైన్ లోకంలోని నడక ట్రాక్ పక్కన, చనిపోయిన ఆత్మీయుల పేర్లతో దీపాలూ వెలిగిస్తారు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఒకటుంది: కీమోథెరపీతో మంచం దిగలేని మనిషి కూడా ఇక్కడ అందరితో కలిసి నడవగలరు.