ఆండీస్ సంప్రదాయ ఉన్ని నేత, సహజ వర్ణకళ: ప్రయాణికుల అభ్యసనం - పరిశీలన

సారాంశం

పెరూ దేశంలోని కుస్కో ప్రాంతానికి వచ్చే ప్రయాణికులలో కొందరు కెచువా నేతకారుల వద్ద కొన్ని రోజులో వారాలో ఉండి, నడుముమగ్గం మీద నేయడం, ఉన్నికి సహజమైన రంగులు వేయడం నేర్చుకుంటున్నారు. ఈ వ్యాసం ఆ అభ్యసనాన్ని వడకడం, రంగు వేయడం, పడుగు పోయడం, నేయడం అనే దశలుగా వివరిస్తుంది. తక్కువ కాలంలో చేతికి పట్టుబడేది ఏది, పట్టుబడనిది ఏది అని పరిశీలిస్తుంది. ఇటువంటి అభ్యసనం ప్రయాణికుణ్ణి నేతకారుణ్ణి చేయలేకపోయినా, వస్త్రం విలువను అంచనా కట్టే కొలతను మార్చగలదనీ, చేతినేత మనుగడకు ఆ మార్పు అవసరమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆండీస్, కెచువా, చించేరో, నడుముమగ్గం, పల్యాయ్, కోచినీల్, సహజవర్ణాలు, అభ్యసనం.

1. ఉపోద్ఘాతం

ఆండీస్ ప్రాంతంలో వస్త్రం చరిత్ర మట్టిపాత్రల చరిత్రకన్నా పాతది. పెరూ ఉత్తర తీరంలోని హువాకా ప్రియెతా వద్ద తవ్వకాలలో దొరికిన పత్తిబట్ట ముక్కలలో నీలిమందు ఆనవాళ్లు ఉన్నాయనీ, అవి సుమారు 6,000 ఏళ్ల నాటివనీ 2016లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. ఇంకాల కాలంలో మేలిరకం వస్త్రాన్ని 'కుంపి' అనేవారు. అది ప్రభువు ఇచ్చే గౌరవ కానుక. దేవతలకు దహనం చేసి అర్పించే ద్రవ్యం కూడా. లామా, అల్పాకా, వికూన్యాల ఉన్నితో సాగిన ఈ నేతకు 16వ శతాబ్దిలో స్పెయిన్ వారి రాకతో గొర్రె ఉన్ని తోడయింది.

1856లో ఇంగ్లండులో తొలి కృత్రిమ రంగు తయారైంది. ఆ శతాబ్ది చివరికి అటువంటి రంగులు ఆండీస్ సంతలకు చేరాయి. 20వ శతాబ్దిలో యంత్రపు నూలు, అక్రిలిక్ దారం వచ్చాయి. కొండలలో ఆకులు, వేళ్లు ఏరి రంగు తీసే పరిజ్ఞానం పెద్ద తరంతోనే ముగిసిపోయే స్థితి ఏర్పడింది. ఈ నేపథ్యంలో చించేరో గ్రామానికి చెందిన నిల్డా కల్యన్యావ్‌పా అల్వారెజ్, తోటి నేతకారులతో కలిసి 1996లో కుస్కో సంప్రదాయ వస్త్ర కేంద్రాన్ని నెలకొల్పారు. వివిధ గ్రామాల నేతకారులు తమ పెద్దల పద్ధతులను తిరిగి నేర్చుకోవడానికి, బయటివారికి నేర్పడానికి ఈ కేంద్రం వేదికగా నిలిచింది.

బయటివారు ఇక్కడ నేత నేర్చుకోవడం నిన్నటి పరిణామం కాదు. అమెరికన్ పరిశోధకులు ఎడ్వర్డ్, క్రిస్టీన్ ఫ్రాంక్‌మాంట్ దంపతులు 1970ల నుంచి చించేరోలో నివసిస్తూ, నేత నేర్చుకుంటూ ఆ అభ్యసన క్రమాన్నే పరిశోధన విషయంగా చేసుకున్నారు. వారు ఏళ్ల తరబడి చేసిన పనిని నేటి ప్రయాణికుడు కొద్దిరోజులలో ఆరంభిస్తాడు. ఆ ఆరంభం ఎంతవరకు తీసుకుపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. వడకడం

చించేరో సముద్రమట్టానికి 3,700 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడి స్త్రీలు నడుస్తూ, గొర్రెలు కాస్తూ, మాట్లాడుకుంటూ ఉన్ని వడుకుతారు. వడికే సాధనం పేరు 'పుష్క'. సన్నని కర్రపుల్లకు అడుగున గుండ్రని చెక్కబిళ్ల తొడిగిన కదురు ఇది. చేతి వేళ్ల నుంచి వేలాడుతూ తిరిగే ఈ కదురు బరువే ఉన్నిని లాగి దారం చేస్తుంది. ఒంటిపేట దారాన్ని తరువాత రెండు పేటలుగా కలిపి, తొలి పురికి ఎదురుదిశలో గట్టిగా పురి పెడతారు. పడుగు దారం మగ్గం మీద నిరంతరం లాగుడుకూ రాపిడికీ గురవుతుంది కాబట్టి పురి గట్టిగా లేకపోతే బట్ట సగంలోనే పడుగు తెగుతుంది.

పురి దిశకు అర్థం కూడా ఉంది. సాధారణ దిశకు విరుద్ధంగా వడికిన దారాన్ని 'ల్యోకె' అంటారు. ఎడమ అని దీని అర్థం. దీనికి కీడును ఆపే శక్తి ఉందని విశ్వసిస్తారు. కొన్ని వస్త్రాల అంచులలో దీనిని ప్రత్యేకంగా వాడతారు.

కొత్తగా వచ్చినవారి దారం ఒకచోట లావుగా, ఒకచోట వెంట్రుకలా వస్తుంది. తరచు తెగి కదురు నేల మీద పడుతుంది. అందుకే చాలా శిక్షణలలో వడకడాన్ని కొద్దిసేపు పరిచయం చేసి, సిద్ధంగా ఉన్న నూలును చేతికి ఇస్తారు. కాలం రీత్యా ఇది అనివార్యమే. కానీ మొత్తం శ్రమలో పెద్దభాగం వడకడంలోనే ఉంది. నేత కన్నా నూలుకే ఎక్కువ కాలం పడుతుందన్న సంగతి ఈ దశను దాటవేసిన అభ్యాసకుడికి తెలియకుండా పోతుంది. తెలుగు ప్రాంతంలో కురుమలు, కురుబల గొంగడిని ఎరిగినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. అక్కడా మగ్గం మీదికి చేరే ముందే ఉన్ని ఎన్నో చేతులు మారుతుంది.

3. రంగులు

వర్ణకళలో మొదటి పాఠం శుభ్రత. ఉన్నిలోని జిడ్డు పోకపోతే రంగు సమంగా పట్టదు. చించేరోలో ఒక మొక్క వేరును తురిమి నీటిలో కలిపి, వచ్చిన నురుగుతో ఉన్నిని ఉతుకుతారు. రెండవ పాఠం వర్ణస్థాపకం, అంటే రంగును ఉన్నికి పట్టి ఉంచే లవణం. ఇక్కడ ప్రధానంగా వాడేది పటిక. శ్రీకాళహస్తి కలంకారీలోనూ పటికే రంగును బట్టకు బంధిస్తుంది. అయితే పత్తిబట్టకు ముందుగా కరక్కాయ వంటి వగరు పదార్థం అవసరమవుతుంది. జంతు సంబంధమైన ఉన్ని పటికను నేరుగా గ్రహిస్తుంది.

ఎరుపుకు మూలం కోచినీల్ అనే చిన్న పురుగు. ఇది నాగజెముడు జాతి మొక్కల మట్టల మీద తెల్లని బూజులా అంటుకుని బతుకుతుంది. ఆడపురుగులను సేకరించి, ఎండబెట్టి, రాతి మీద నూరుతారు. దాదాపు 70,000 పురుగులు ఎండితే ఒక పౌండు అవుతుందని అంచనా. కోచినీల్ ఉత్పత్తిలో పెరూ నేడు ప్రపంచంలో అగ్రస్థానంలో ఉంది. పటికతో ఇది ముదురు ఎరుపునిస్తుంది. నిమ్మరసం చేరితే నారింజ వైపు జరుగుతుంది. ఇనుము తగిలితే ఊదాగా మారుతుంది. ఒకే కుండ నుంచి ఇన్ని వన్నెలు రావడం అభ్యాసకులను ఎక్కువగా ఆకట్టుకునే ఘట్టం.

ఈ పురుగుకు దక్షిణ భారతంతో చారిత్రక సంబంధం ఉంది. 18వ శతాబ్ది చివరలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ మద్రాసులో కోచినీల్ పెంపకం కోసం నాగజెముడు తోట వేశాడు. 1795లో భారతదేశానికి చేరిన పురుగు మాత్రం నాసిరకం జాతిది. అది మేలైన రంగు ఇవ్వలేదు సరికదా, నాగజెముడు పొదలనే నాశనం చేసింది. పురుగును తెచ్చుకోవచ్చు గాని, దానిని పెంచిన పరిజ్ఞానాన్ని ఓడలో తెచ్చుకోలేమని ఈ ఉదంతం తెలుపుతుంది.

చాపి చాపి అనే తీగ వేరు నుంచీ ఎరుపు వస్తుంది. ఇది మంజిష్ఠ కుటుంబపు మొక్క. కలంకారీ ఎరుపుకు ఆధారమైన చిరివేరు కూడా అదే కుటుంబానికి చెందింది. కోల్యే పూలు పసుపునిస్తాయి. చిల్కా ఆకులు కోల్పా అనే ఖనిజ లవణంతో కలిసి ఆకుపచ్చనిస్తాయి. తారా కాయల వగరు ఇనుముతో కలిసి బూడిద, నలుపు ఛాయలనిస్తుంది. నీలిరంగు పద్ధతి వేరు. నీలిమందు నీటిలో కరగదు. పులిసిన మూత్రపు తొట్టిలో కరిగే రూపానికి మారుతుంది. తొట్టి నుంచి తీసినప్పుడు పసుపుపచ్చగా ఉన్న చిలప గాలి తగలగానే నీలమవుతుంది. దీనికి వర్ణస్థాపకం అక్కరలేదు.

ఇంత ఎత్తున నీరు 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. ఉన్నిని ఒక్కసారిగా వేడి నుంచి చల్లటి నీటికి మారిస్తే అది అట్టకట్టుకుపోతుంది. ఎంత ఆకు, ఎంత మంట, ఎంతసేపు అన్నవి కాగితం మీద రాసిన కొలతల కన్నా నీటి రంగును, చిలప వన్నెను చూసి నిర్ణయించేవే ఎక్కువ. అభ్యాసకుడు పదార్థాల పేర్లు ఒక్కరోజులో రాసుకోగలడు. ఈ చూపు మాత్రం ఎన్నో కుండలు దించాక గాని రాదు.

4. పడుగు, మగ్గం

పడుగు పోయడానికి ఇద్దరు కావాలి. నేలలో పాతిన కర్రలకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చుని, నూలు ఉండను ఒకరి నుంచి ఒకరికి దొర్లిస్తూ ఎనిమిది అంకె ఆకారంలో చుడతారు. రంగుల వరుస, పూల కొలత ఇక్కడే నిర్ణయమవుతాయి. ఈ దశలో తప్పిన లెక్కను తరువాత సరిదిద్దడం కష్టం.

నడుముమగ్గానికి చట్రం లేదు. పడుగు ఒక కొస గుంజకో చెట్టుకో కట్టి ఉంటుంది. రెండవ కొస నేసేవారి నడుముకు చుట్టిన పట్టీకి తగులుకుని ఉంటుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. నేసేవారి శరీరమే మగ్గంలో ఒక భాగం. గుంటమగ్గంలో కాళ్లు చేసే పనిని ఇక్కడ నడుము, చేతులు చేస్తాయి. పడుగు దారాలను పైకి లేపే దారపు ఉచ్చుల వరుసను 'ఇల్యావా' అంటారు. పేకను దగ్గరకు కొట్టడానికి లామా ఎముకతో చేసిన 'రుకి' వాడతారు. పడుగు దట్టంగా ఉండి పేకను పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి బట్ట మీద కనిపించే బొమ్మ అంతా పడుగుదే.

ఈ బట్టకు నాలుగు వైపులా నేసిన అంచులే ఉంటాయి. మగ్గం నుంచి కత్తిరించి తీయరు. చివరి కొద్ది వేళ్ల వెడల్పు మిగిలినప్పుడు పడుగు విచ్చుకోదు; సూదితో పేకను ఒక్కొక్క వరుసగా దూర్చాలి. భుజాల మీద కప్పుకునే 'ల్యిక్ల్య' అనే వస్త్రాన్ని ఇలా రెండు ముక్కలుగా నేసి మధ్యలో కుడతారు.

5. పల్యాయ్: ఏరుకోవడం

బొమ్మ నేతను కెచువాలో 'పల్యాయ్' అంటారు. ఏరడం అని దీని అర్థం. పొలంలో పంట ఏరడానికీ ఇదే మాట. జంటగా ఉన్న రెండు రంగుల పడుగు దారాలలో పైకి రావలసినదానిని వేళ్లతో ఏరి, మిగిలినదానిని కిందికి దించుతారు. అందువల్ల బట్ట రెండు వైపులా ఒకే బొమ్మ తారుమారైన రంగులలో కనిపిస్తుంది. నేసేవారి ముందు గీసిన నమూనా ఉండదు. లెక్క జ్ఞాపకంలో ఉంటుంది. లేదా పాత బట్టను చూసి చదువుకుంటారు.

చించేరో పిల్లలు చిన్న వయసులోనే 'హకిమా' అనే సన్నని పట్టీతో నేత మొదలుపెడతారు. పెద్దలు పాఠంగా చెప్పేది తక్కువ. పిల్లలు పక్కన కూర్చుని చూస్తారు, నేస్తారు, విప్పుతారు, మళ్లీ నేస్తారు. ప్రయాణికుడికి కూడా మొదట ఇచ్చేది ఈ పట్టీయే. ఆరేళ్ల పిల్ల చేసే పనిని పెద్దవాడు తడబడుతూ చేయడం ఈ అభ్యసనంలో ముఖ్యమైన అనుభవం. విద్యావంతుడైన విదేశీయుడు శిష్యుడిగా, బడిలో తక్కువ చదివిన కెచువా స్త్రీ గురువుగా మారుతుంది. కెచువా మాట్లాడేవారిని చిన్నచూపు చూసిన చరిత్ర గల సమాజంలో ఈ స్థానమార్పు చిన్న విషయం కాదు.

6. ప్రదర్శన, అభ్యసనం, విపణి

ప్రయాణికులకు లభించే అనుభవం మూడు స్థాయులలో ఉంటుంది. మొదటిది అరగంట ప్రదర్శన. పర్యాటకుల బస్సు ఆగుతుంది, కోచినీల్ పురుగును అరచేతిలో నలిపి ఎరుపు చూపుతారు, చివర అమ్మకం జరుగుతుంది. చూపిన పద్ధతికీ, అమ్మే వస్తువుకూ సంబంధం ఉందో లేదో చూసేవారు నిర్ధారించుకోలేరు. రెండవది ఒకటి రెండు రోజుల శిక్షణ. మూడవది వారాల పాటు ఒకే గురువు వద్ద సాగేది.

రెండవ స్థాయి నుంచే కొలత మారుతుంది. వేలెడు వెడల్పు పట్టీ మీద జానెడు పొడవు నేయడానికి పూట పట్టిందని తెలిసినవారు, ల్యిక్ల్య ధర విని బేరమాడడానికి వెనుకాడతారు. వడకడం నుంచి లెక్కిస్తే అటువంటి వస్త్రం నెలల పని. కుస్కో సంతలలో 'అల్పాకా' పేరుతో అమ్మే యంత్రపు అక్రిలిక్ శాలువా పక్కన దీనిని పెట్టినప్పుడు, తేడాను చేత్తో తడిమి గుర్తించగలిగేది నేసి చూసినవారే. చేతినేతకు యంత్రంతో ఉన్న పోటీ నైపుణ్యంలో కాదు, ధరలో. ఆ ధరకు కారణం అర్థం కాని కొనుగోలుదారు ఎంత మెచ్చుకున్నా నేతకు ఊతం కాలేడు.

ఇందులో ప్రమాదాలూ ఉన్నాయి. నేర్చుకున్న బొమ్మను తన దేశంలో తన పేరుతో అమ్ముకునే అభ్యాసకుడు గ్రామ ఉమ్మడి జ్ఞానాన్ని సొంతం చేసుకున్నవాడవుతాడు. ప్రయాణికుల సౌకర్యం కోసం కష్టమైన బొమ్మలు విడిచి సులభమైనవే నేర్పితే పాఠం క్రమంగా పలచబడుతుంది. చించేరోలో 2019లో నేల చదును పనులతో మొదలైన అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణం పూర్తయితే అక్కడికి చేరేవారి సంఖ్య పెరుగుతుంది. అరగంట ప్రదర్శన పెరుగుతుందా, రోజుల అభ్యసనం పెరుగుతుందా అన్నది ఆ గ్రామపు నేతకు కీలకం కానుంది. తితికాకా సరస్సులోని తకీలే ద్వీప వస్త్రకళను యునెస్కో 2005లో ప్రకటించి, 2008లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అటువంటి గుర్తింపు గౌరవమే. నేసే చేతికి తగిన కూలి దక్కేలా చూడడం మాత్రం కొనేవారి వంతు.

7. ముగింపు

1. ఆండీస్ నేతలో వడకడం, రంగు, పడుగు, బొమ్మ విడివిడి పనులు కావు. ఒక దశను దాటవేసిన శిక్షణ మొత్తం శ్రమను తక్కువగా చూపుతుంది. కాబట్టి వడకడానికి తగిన సమయం ఇచ్చే శిక్షణలు మేలైనవి.

2. సహజవర్ణాల పదార్థాలను త్వరగా తెలుసుకోవచ్చు. వాటిని సరైన వన్నెకు తెచ్చే చూపు దీర్ఘ అభ్యాసంతోనే వస్తుంది.

3. బొమ్మల జ్ఞానం కెచువా పదాలలో, లెక్కలో, చేతిలో నిలిచి ఉంది. బొమ్మ పేరును, అది ఏ ఊరిదో తెలుసుకుని చెప్పడం అభ్యాసకుడి కనీస బాధ్యత.

4. కొద్దిరోజుల అభ్యసనం నేతకారులను తయారు చేయదు. ధరలో దాగిన కాలాన్ని గుర్తించగల కొనుగోలుదారులను తయారు చేస్తుంది. యంత్రపు వస్త్రంతో ధరలో పోటీ పడలేని చేతినేతకు కావలసినది అటువంటివారే. గొంగడి, కలంకారీ వంటి తెలుగు ప్రాంతపు చేతిపనులకు కూడా ఈ పరిశీలన వర్తిస్తుంది.