ఉండుకము – పొరల వరుస, పనిముట్ల వరుస

మన పల్లెలలో ‘24 గంటల నొప్పి’ అను మాట విననివారుండరు. వైద్యులు దానినే అపెండిసైటిస్ అందురు. ఈ పేరును 1886లో బోస్టను వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ వాడుకలోనికి తెచ్చెను.

నేను వైద్యుడను కాను. మాటలతో జీవించువాడను గనుక మాటలతోనే ప్రారంభింతును. ‘ఐటిస్’ అనగా వాపు. ‘ఎక్టమీ’ అనగా కోసి తీసివేయుట. ‘ఆస్టమీ’ అనగా ద్వారమేర్పరచుట. గాస్ట్రెక్టమీ అన్నచో జీర్ణాశయమును కొంతగాని పూర్తిగాగాని తొలగించుట. గాస్ట్రాస్టమీ అన్నచో ఆహారము పోయుటకు దానికొక గొట్టమమర్చుట. చెవికి రెండును ఒకటిగనే తోచును. బల్లపై పేర్చవలసిన పనిముట్లు మాత్రము వేరు. ఆపరేషను థియేటరులో సహాయకులుగా శిక్షణ పొందు విద్యార్థులు ఈ తేడాను చెవితోనే పట్టవలెను.

ఉండుకము పెద్దప్రేగు మొదట, కుడివైపున వ్రేలాడు సన్నని గొట్టము. కుడి తుంటియెముక ముందరి మొననుండి బొడ్డువరకు గీత గీచి మూడు పాళ్లు చేసినచో, ఎముకనుండి మొదటిపాలు ముగియు చోటు మెక్‌బర్నీ బిందువు. న్యూయార్కు శస్త్రవైద్యుడు చార్లెస్ మెక్‌బర్నీ 1889లో వ్రాసిన వ్యాసమువలన దానికా పేరు వచ్చెను. అచట కడుపు తెరచు పద్ధతిని ఆయన 1894లో ప్రకటించెను.

ఆ పద్ధతిలోని నేర్పు తెలియవలెనన్న మన తడికను తలచుకొనుడు. చర్మము, క్రొవ్వు దాటగానే మూడు కండరపు పొరలు. పైదాని పోగులు, జేబులో చేయి పెట్టుకొన్నప్పుడు వ్రేళ్లు చూపు దిక్కున ఏటవాలుగా దిగును. రెండవదానివి వానికి ఎదురుగా పోవును. మూడవదానివి నడికట్టువలె అడ్డముగా నుండును. మెక్‌బర్నీ ఏ పొర పోగులను తెగగోయక, పోగుల వెంటనే విడదీసెను. చికిత్స ముగియగానే అవి మరల దగ్గర చేరును. కడుపుగోడ బలము చెడదు. కనుక పైపొరకు కత్తి, కత్తెర; క్రింది రెండింటికి మొద్దుమొన పనిముట్లు, పిదప రిట్రాక్టర్లు. పొరల వరుస తెలిసిన విద్యార్థి చేయి అడుగకముందే సిద్ధముగా నుండును.

వాని క్రింద పెరిటోనియము. దానిని రెండు ఆర్టరీ ఫోర్సెప్సులతో పైకెత్తి, ప్రేగు చిక్కలేదని తడిమి చూచిన పిదపనే గాటు పెట్టుదురు. ఉండుకము ఒక్కొక్కప్పుడు ప్రేగు వెనుక దాగియుండును. అప్పుడు పెద్దప్రేగు మీది మూడు కండరపు పట్టీల వెంట పోయినచో, అవి కలియు చోట దాని మొదలు దొరకును. రక్తనాళమును, మొదలును కట్టి కోయుదురు. కోసిన కొనను తాకిన పనిముట్లను వేరుపళ్లెములో నుంచవలెను.

1980లో జర్మనీ వైద్యుడు కుర్ట్ జెమ్ ఈ పనిని చిన్న రంధ్రములగుండా, దుర్భిణితో చేసెను. నేడు ఆ పద్ధతియే విరివిగా సాగుచున్నది. అయినను గోడ తెరువవలసి వచ్చినచో పొరలు అవియే.

ఇక స్వాబుల లెక్క. పెరిటోనియము మూయుటకు ముందొకసారి, చర్మము కుట్టుటకు ముందు మరొకసారి ఎంచవలెను. రక్తమున తడిసిన స్వాబు మాంసమువలెనే కనబడును. ఒకటి తగ్గినచో, ఎదుట ఎంతటి వైద్యుడున్నను, విద్యార్థి ‘ఒకటి తక్కువ’ అని గట్టిగా చెప్పవలెను. నేలమీద, బకెట్టులో, గుడ్డల మడతలలో వెదకుదురు. అప్పటికిని దొరకనిచో ఎక్స్‌రే తీయుదురు. అందుకొరకే ఆ స్వాబులలో ఎక్స్‌రేకు కనబడు దారము కూర్చియుందురు.