క్రొత్త యింటిలో ఇంటర్నెట్టు ఏర్పాటు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలందురు. కడప జిల్లా రాజుపాలెమున నేడు ఇల్లు కట్టువారు నీటి గొట్టములతోపాటు ఇంటర్నెట్టు తీగలనుగూర్చియు ముందే యోచింపవలెను. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితము చేసిరి. విద్యుత్ స్తంభముల వెంట గాజుతీగ పల్లెలకు సాగినది.

అయినను తీగ వాకిటికి వచ్చినంతనే పని ముగియదు. వైఫై తరంగములు రాతిగోడలను, కాంక్రీటు కప్పును దాటునప్పుడు బలహీనపడును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు దూరము పోవును. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగము గలవైనను గోడలచే త్వరగా క్షీణించును. కావున రూటరును ఇంటి నడుమ నుంచవలెను. దూరపు గదులకు గోడలు పూయకముందే క్యాట్-6 తీగను, విద్యుత్ తీగలకు ఎడముగా, ప్రత్యేకపు గొట్టములలో నడపవలెను. ఆ తీగ 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్ సమాచారమును మోయగలదు.

రూటరు పాతబడినచో మార్చవచ్చును. కట్టిన గోడను పగులగొట్టుట వ్యయప్రయాసలతో గూడినది. వెనుక గదిలో చదువుకొను పిల్లలకు పాఠము నడుమ తెగకుండుట ఈ ముందుచూపుపై ఆధారపడియున్నది.