కారు కడిగితే చాలదు... తుడవడం తెలియాలి!

మాణికేశ్వర్ నగర్ (హైదరాబాద్): కారు కడగడం ఎవరికైనా వస్తుంది. కడిగిన కారును మరక పడకుండా, గీత పడకుండా తుడిచి ఆరబెట్టడం మాత్రం అందరికీ రాదు. ఈ సంగతి తెలియక లక్షలు పోసి కొన్న బండ్లు రెండేళ్లకే వెలవెలబోతున్నాయి. నింద మాత్రం కడిగిన కుర్రాడి మీద పడుతోంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌కు వడ్డెర బస్తీ అని మరో పేరుంది. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలు ఇక్కడ అనేకం. పక్కనే తార్నాక, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లు. నగరంలో ఇలాంటి బస్తీల వారు, పల్లెల నుంచి వలస వచ్చినవారు ఎందరో తెల్లవారుజామున సెల్లార్లలో నెలవారీ లెక్కన కార్లు కడిగి పొట్ట పోసుకుంటున్నారు. చేతిలో ఒక బకెట్, ఒక పాత గుడ్డ. కడగాల్సిన కార్లు వరుసగా అరడజను పైనే. చిక్కంతా అక్కడే వస్తోంది.

మరకలు ఎందుకు పడతాయి?

హైదరాబాద్ నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం గ్రానైట్ కట్టడమే. బోరునీరు ఈ రాతి పగుళ్లలో నిలిచి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని పైకి వస్తుంది. ఇళ్లలో నీళ్లు కాచే గిన్నెల అడుగున తెల్లగా గట్టిపడేది ఈ లవణాలే. కారు మీద నిలిచిన బొట్టు ఎండకు ఆవిరైపోతుంది. అందులోని లవణం ఎక్కడికీ పోదు. గుండ్రని తెల్ల మచ్చగా అక్కడే అంటుకుంటుంది.

భారత ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. సబ్బు నురగ రాని, పప్పు తొందరగా ఉడకని నీరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో కార్లపై మచ్చలు తప్పవు.

గీతలకు కారణం దుమ్ము

రాయి అరిగి దుమ్మైనా దాని గట్టిదనం తగ్గదు. దుమ్ములో కలిసి ఉండే పలుగురాయి రేణువు గాజును సైతం గీయగలదు. కారు రంగుపై ఉండే పారదర్శక పూత మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. అంటే తలవెంట్రుక మందమైనా ఉండదు. దుమ్ము పట్టిన బండిని పొడి గుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఒకే బకెట్‌లో గుడ్డను ముంచి, పిండి, మళ్లీ తుడిచినా ఫలితం అదే. మొదటి కారు మట్టి బకెట్ ద్వారా ఆరో కారుకు చేరుతుంది. ఎండలో చూస్తే సాలెగూడులాగా కనిపించే సన్నని గీతలు ఇలా పడినవే.

ఆరబెట్టే పద్ధతి

అనుభవజ్ఞులైన పనివారు పాటించే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ముందుగా బండిని నీడలో నిలపాలి. ఇంజను వేడి తగ్గి, బానెట్ చేతికి చల్లగా తగలాలి. గుడ్డ తగలకముందే ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును జార్చేయాలి. సబ్బు నీటికి ఒక బకెట్, గుడ్డ జాడించేందుకు మరో బకెట్ ఉంచుకోవాలి.

చివరిసారి పోసే నీరు ముఖ్యం. చిమ్మకుండా, పైపుతో టాప్ మీద నుంచి మెల్లగా పారించాలి. అప్పుడు నీరు పొరలాగా జారుతూ బొట్లను తనతో లాక్కుపోతుంది. బోరునీరు మరీ ఉప్పగా ఉంటే ఈ ఆఖరి విడతకు మంచినీరు ఒక బకెట్ వాడవచ్చు. పట్టి ఉంచిన వాననీరైతే ఇంకా మంచిది. అందులో లవణాలు అతి తక్కువ.

తుడిచేందుకు మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు రెండు కావాలి. మొదటి దానితో నీరు పీల్చాలి, రెండో దానితో మిగిలిన తడి తీయాలి. గుడ్డను పరిచి మెల్లగా లాగాలి, లేదా అద్దాలి. బలంగా గుండ్రంగా రుద్దకూడదు. టాప్, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్లు అనే వరుసలో పై నుంచి కిందికి రావాలి. చక్రాలు, బంపర్ కింది భాగానికి వేరే గుడ్డ ఉండాలి. చేతిలో గుడ్డ నేల మీద పడితే ఉతికే వరకు దాన్ని మళ్లీ బండికి తగిలించకూడదు.

సైడు అద్దాల వెనుక, డోరు పిడుల్లో, నంబరు ప్లేటు కింద దాగిన నీరు ఆలస్యంగా కారి చారలు కడుతుంది. డోర్లు, డిక్కీ తెరిచి అంచులు తుడవాలి. బండిని నాలుగడుగులు ముందుకు, వెనక్కు నడిపి, కారిన చుక్కలను మరోసారి అద్దాలి.

పాత పంచె, చీర ముక్క వాడేవారు బొత్తాలు, జరీ, గట్టి కుట్లు లేకుండా చూసుకోవాలి. పాత వార్తాపత్రిక కిటికీ అద్దాలకు పనికొస్తుంది గాని రంగు మీద వద్దు. మెరుపు కోసం కిరోసిన్, డీజిల్ పూయడం మరో పొరపాటు. దాని జిడ్డుకు దుమ్ము ఇంకా గట్టిగా పడుతుంది, నిప్పు భయం సరేసరి.

మచ్చ పడితే?

తెల్ల మచ్చను గోటితోనో, గిన్నెలు తోమే పీచుతోనో గోకకూడదు. తెల్ల వెనిగర్‌లో అంతే నీరు కలిపి, గుడ్డను తడిపి, నీడలో ఒకటి రెండు నిమిషాలు మచ్చపై ఉంచితే లవణం కరుగుతుంది. వెంటనే మంచినీటితో కడిగి తుడిచేయాలి. ఎండలో వారాల తరబడి వదిలేసిన మచ్చ పూతను తినేస్తుంది. అప్పుడు పాలిష్ పట్టించక తప్పదు. పాలిష్ పట్టిన ప్రతిసారీ ఆ సన్నని పూత మరికొంత అరుగుతుంది.

అలాగని ఆఖరి బకెట్ పేరుతో మంచినీటిని దుబారా చేయడం తగదు. నగరానికి కృష్ణా నీరు 2004లో, గోదావరి నీరు 2015లో వచ్చాయి. రెండూ వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి వస్తున్నవే. 2024 మార్చిలో కరవు ముంచుకొచ్చినపుడు బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా ప్రకటించారు. పల్లెల్లో ట్రాక్టర్లను, కార్లను చెరువులోకి దింపి కడిగేవారు కూడా ఆలోచించాలి. బండి నూనె, గ్రీజు చేరిన ఆ నీటినే పశువులు తాగుతాయి.

జీతంలో కోత ఎవరికి?

గీత పడిందంటే యజమాని మొదట చూసేది కడిగిన మనిషి వైపే. పని మానిపించడం, నెల జీతంలో పట్టుకోవడం నగరంలో కొత్త కాదు. అయితే ఒక బకెట్, ఒక గుడ్డ ఇచ్చి, గంటలో అరడజను కార్లు మెరవాలంటే ఏ చేతికైనా సాధ్యమా? గుడ్డలు, రెండో బకెట్ కొనివ్వాల్సింది యజమానులే. వాటి ఖర్చు ఒకసారి పట్టించే పాలిష్ ఖర్చులో పిసరంత. అపార్ట్‌మెంట్ సంఘాలు ఈ సామగ్రిని సమకూర్చి, కారుకు తగినంత సమయం ఇస్తే బండ్లూ బాగుంటాయి, పనివాడి జీతమూ నిలుస్తుంది. నగరంలో డ్రైవరు, క్లీనరు పనులకు బయలుదేరే పల్లె యువకులు సైతం ఈ నాలుగు మెలకువలు ముందే నేర్చుకుని, రెండు గుడ్డలు కావాలని పనిలో చేరిన రోజే అడగడం మేలు.