పాత పందెపు కారు లోపలికి ఏ రంగు వేయాలి?

తాతగారి నాటి కారు షెడ్డులో దుమ్ము పట్టి ఉన్న ఇళ్లు మన కృష్ణా డెల్టాలో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఉయ్యూరు నుండి బందరు రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వెళితే బెజవాడ ఆటోనగర్ వస్తుంది. డెంటింగ్, పెయింటింగ్, బాడీ కట్టడం తెలిసిన పనివారు అక్కడ ఎందరో ఉన్నారు. కాబట్టి పాత కారును బాగుచేయించాలన్న కోరిక తీరనిదేమీ కాదు. అయితే ఆ కారు ఒకప్పుడు పందేలలో పరుగెత్తినదైతే కొంత ఆలోచన అవసరం. బయటి రంగు గురించి అందరూ ఆలోచిస్తారు. లోపలి రంగు సంగతి చివరికి పెయింటరుకు వదిలేస్తారు. నిజానికి డ్రైవరు క్షేమం, కారు చరిత్ర, పనివాని ఆరోగ్యం, ఈ మూడూ లోపలి రంగుతో ముడిపడి ఉన్నాయి.

మన దక్షిణాదిలో పందేలు

మద్రాసు దగ్గర షోలవరంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే ఒకటి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ ఏళ్ల తరబడి పందేలు జరిపింది. వాటిలో పరుగెత్తిన వాటిలో చాలా భాగం మనం రోడ్డు మీద చూసిన ఫియట్, హెరాల్డ్ కార్లే. సీట్లు, తివాసీలు పీకేసి బరువు తగ్గించి దింపేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చింది. కోయంబత్తూరు నాయుడు కుటుంబాలలో పుట్టిన ఎస్. కరివర్ధన్, మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి అనే చిన్న పందెపు కారును రూపొందించి ఎందరో యువకులకు దారి చూపారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. అటువంటి కార్లు ఇప్పుడు పాతవయ్యాయి. వాటిని బాగుచేసేవారికి ఈ విషయాలు పనికివస్తాయి.

మొదట పాత రంగును వెతకండి

గీకడం మొదలుపెట్టక ముందే లోపలంతా ఫొటోలు తీయండి. మీటర్ల వెనుక, తలుపు రెగ్జిన్ కింద, పెడల్ ప్లేటు కింద ఎండ తగలని చోట్ల అసలు రంగు వెలవకుండా మిగిలి ఉంటుంది. అక్కడ రూపాయి బిళ్లంత చోటును సన్నని ఎమరీ పేపరుతో తడిపి రుద్దితే ఒకదాని కింద ఒకటి పాత పొరలు కనిపిస్తాయి. అన్నిటికంటె అడుగున ఉన్నది ప్రైమరు. దానిపై ఉన్నది మొదటి రంగు. ఆ పైన ఉన్నది పందెం కోసం వేసినది కావచ్చు. ఏ కాలపు రూపానికి కారును తీసుకురావాలో ముందే తేల్చుకోవాలి. ఒకసారి మొత్తం గీకేస్తే ఆ చరిత్ర మరల రాదు. అందుచేత ఒక మూల చేతి వెడల్పు చోటును ముట్టుకోకుండా విడిచిపెట్టడం మంచిది.

ఏ చోటికి ఏ రంగు?

డ్యాష్‌బోర్డు పైభాగానికి మెరుపు లేని నలుపు గాని ముదురు బూడిదరంగు గాని వేయాలి. మెరిసే రంగు వేస్తే మన ఎండకు దాని నీడ ముందు అద్దంలో పడి దారి కనిపించదు. నేలకు, ఛాసిస్ గొట్టాలకు లేత బూడిదరంగు మేలు. వెల్డింగు దగ్గర పగులు వచ్చినా, ఆయిలు కారినా లేత రంగు మీద ఇట్టే బయటపడుతుంది. నలుపు అన్నిటినీ కప్పేస్తుంది. పందెపు కారులో కనిపించని పగులు ప్రాణం మీదికి తెస్తుంది. ఇదే కారణంతో వెల్డింగు అతుకుల మీద లప్పం పెట్టి నునుపు చేయించకండి. ఛాసిస్ నంబరు అక్షరాలు పూడిపోయేటంత మందంగా రంగు వేయించకండి. వైర్ల ఎర్తు బిగించే చోట్ల రంగు లేకుండా ఇనుము తేరి ఉండాలి. అల్యూమినియం రేకులను బరువు తగ్గుతుందని ఆ రోజుల్లో చాలామంది రంగు లేకుండానే ఉంచేవారు. రంగు వేయాలనుకుంటే దానికి తగిన ఎచ్ ప్రైమరు ముందుగా కొట్టాలి. లేకుంటే పెచ్చులుగా ఊడిపోతుంది.

ఎన్.సి.యా? పి.యు.యా?

మన పెయింటర్లు డ్యూకో అని పిలిచే ఎన్.సి. రంగు 1920లలో అమెరికాలో వచ్చింది. అంతకుముందు వారాలు పట్టే పని గంటల్లోకి వచ్చింది. పాత కారుకు అదే సహజమైన రూపం ఇస్తుంది. గీత పడితే ఆ కాస్త చోటే సరిచేసుకోవచ్చు. అయితే పెట్రోలుకు, బ్రేకు ఆయిలుకు అది ఆగదు. కనుక కనిపించే చోట్ల ఎన్.సి., పెడల్స్, బ్రేకు సిలిండరు చుట్టూ గట్టి పి.యు. రంగు వాడటం ఒక మధ్యేమార్గం.

మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వాన పట్టిన రోజున ఎన్.సి. కొడితే పైన తెల్లని పొగలాంటి మచ్చ వస్తుంది. మంచు ఆరి, పొద్దెక్కిన తరువాత పొడిగా ఉన్న రోజున కొట్టించండి. నమూనా రేకును ఎండలోను, నీడలోను పెట్టి చూచి రంగు ఖాయం చేయండి.

పనివాని ప్రాణం

పి.యు. రంగులో కలిపే హార్డెనరులో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. స్ప్రే చేసేటప్పుడు ఆ తుంపర ఊపిరితిత్తులలోకి వెళితే జీవితాంతం వదలని ఆస్తమా రావచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే అది ఆగదు. బయటినుండి మంచి గాలి అందించే మాస్కు కావాలి. కారు లోపల ఇరుకున కూర్చుని కొట్టే మనిషికి అపాయం ఇంకా ఎక్కువ. మాస్కు లేని షెడ్డులో పి.యు. పని చేయించకండి. పాత రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో, సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దకుండా నీళ్లతో తడిపి రుద్దాలి. పని బట్టలతో ఇంట్లోకి వెళ్లి పిల్లలను ఎత్తుకోకూడదు.

చివరగా ఒక మాట. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా రిజిస్టరు చేసుకోవడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలన్నది వాటిలో ముఖ్యమైన షరతు. అసలు పందెపు కారుకు అసలు రిజిస్ట్రేషనే లేకపోవచ్చు గాని, రోడ్డు కారుగా పుట్టి పందేలకు వెళ్లిన దానికి పాత కాగితాలు ఉండే ఉంటాయి. రంగు డబ్బా కొనే ముందు ఆ కాగితాలను, పాత ఫొటోలను ఇంట్లోని పెద్దల దగ్గర వెతకండి. ఏ రంగు వేయాలో అవే చాలా వరకు చెబుతాయి.